నంబరు ఎవరిది, పుస్తకం ఎవరిది?

పేరు రాయొద్దని కోరుతూ ఒక పాఠకురాలు పొడవాటి ఉత్తరం పంపారు. కుదించి ఇస్తున్నాను.

వాళ్ల నాన్నగారు ఉద్యోగం చేసుకుంటూనే జీవితమంతా వ్యాసాలు రాశారు. వాటిని పుస్తకంగా చూసుకోవాలన్న కోరిక తీరకుండానే పోయారు. తల్లి అంతకు ముందే లేరు. ఈవిడే కాయితాలన్నీ పోగేసి, టైపు చేయించి, డబ్బు తీసుకుని పుస్తకాలు వేసిపెట్టే ఒక సంస్థకు ఇచ్చారు. ప్యాకేజీలో ‘ఐఎస్‌బీఎన్ ఉచితం’ అని ఉంది. ఐఎస్‌బీఎన్ అంటే పుస్తకాన్ని గుర్తుపట్టడానికి దాని మీద వేసే అంతర్జాతీయ నంబరు. ఒప్పందం మీద సంతకం ఈవిడదే. అయిదు వందల కాపీలు వేస్తే చాలావరకు చెల్లిపోయాయి. ఈమధ్య పాత ట్రంకు పెట్టెలో మరికొన్ని వ్యాసాలు దొరికాయి. అవి చేర్చి, అచ్చుతప్పులు దిద్ది, వేరే ప్రెస్సులో రెండో కూర్పు వేయిద్దామనుకున్నారు. గొడవ అక్కడ మొదలైంది.

పాత సంస్థాయన ‘ఐఎస్‌బీఎన్ మా పేరు మీద ఉంది మేడం, ఆ పుస్తకం మీరు ఇంకోచోట వేయడానికి లేదు’ అన్నాడు. కొత్త ప్రెస్సాయన ‘పాత నంబరే వేసేద్దామండీ, ఎవరు చూడొచ్చారు’ అన్నాడు. ఇదంతా విన్న అన్నయ్య ‘చూసుకోకుండా సంతకం పెట్టి నాన్న పుస్తకం పరాయివాళ్లకి రాసిచ్చేశావు’ అని ఫోన్ పెట్టేశాడు. అప్పట్నించి ఇద్దరికీ మాటల్లేవు. ఇవి చాలవన్నట్టు ఇంకో తలనొప్పి. లోపలి పేజీలో అచ్చయిన నంబరును ఒక లైబ్రరీ వెబ్‌సైటులో కొడితే పిల్లల లెక్కల పుస్తకం ఏదో వస్తోంది. తీరా పోల్చి చూస్తే లోపలి నంబరుకీ వెనక అట్ట మీద బార్‌కోడ్ దగ్గరున్న నంబరుకీ తేడా ఉంది. ఒకచోట 27 అని ఉంటే ఇంకోచోట 72 అని ఉంది. నంబరు సరిచూసే సైటులో పెడితే రెండూ ‘సరైనవే’ అంటోందట. ఈ-బుక్కుకు కూడా ఆ సంస్థ అదే నంబరు వేసింది.

‘నాన్న పుస్తకం నా చేతుల్లోంచి జారిపోయిందా? ఇప్పుడేం చేయాలి? అన్నయ్యకు ఏమని చెప్పాలి?’ అని అడుగుతున్నారు.

అమ్మా, జారిపోలేదు. ఒప్పందంలో ఏముందో చూడాలి, దాని దగ్గరికి తర్వాత వస్తాను. నంబరు వల్ల మాత్రం మీ నాన్నగారి రాతల్లో ఒక్క అక్షరం కూడా ఎవరి సొంతమూ కాలేదు.

పాత సంస్థాయన అన్న మాటలో సగం నిజం ఉంది. అందుకే మీరు భయపడ్డారు. ‘నంబరు మాది’ అన్నది నిజం. ‘కాబట్టి మీరు వేయకూడదు’ అన్నది ఆ నిజానికి ఆయన తగిలించిన తోక. ఇంటికి నంబరు వేసింది మున్సిపాలిటీ అయినంత మాత్రాన ఇల్లు మున్సిపాలిటీది అయిపోదు కదా.

అసలు ఈ నంబరు ఎందుకు పుట్టిందో తెలిస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. 1960లలో బ్రిటన్‌లో డబ్ల్యూ.హెచ్. స్మిత్ అనే పుస్తకాల వ్యాపార సంస్థ తన గిడ్డంగి లెక్కల్ని కంప్యూటర్‌కు అప్పజెప్పాలనుకుంది. కంప్యూటర్‌కు పుస్తకం పేరు చెబితే చాలదు. ఒకే పేరుతో నాలుగు పుస్తకాలుంటాయి, ఒకే పుస్తకానికి మెత్త అట్టది, గట్టి అట్టది వేరుగా ఉంటాయి. అందుకని గోర్డన్ ఫోస్టర్ అనే గణాంక శాస్త్రవేత్త తొమ్మిది అంకెల పద్ధతి ఒకటి తయారుచేసి ఇచ్చాడు. 1970లో అది పది అంకెలతో అంతర్జాతీయ ప్రమాణం అయింది. 2007 జనవరి 1 నుంచి పదమూడు అంకెలు అయ్యాయి. అంటే ఇది మొదటినుంచీ ఆర్డరు పెట్టడానికి, సరుకు గుర్తుపట్టడానికి పెట్టుకున్న నంబరు. ‘ఈ పుస్తకం ఈ రూపంలో, ఈ కూర్పు, ఫలానా ప్రచురణకర్త దగ్గర దొరుకుతుంది’ అన్నంతవరకే దానికి తెలుసు. రాసిందెవరో, హక్కులెవరివో దానికి తెలియదు. పుస్తకం బాగుందనో, ఎవరో ఆమోదించారనో కూడా అది చెప్పదు. చాలామంది దాన్ని ఒక బిరుదులా చూస్తారు గానీ.

ఇప్పుడు మీ పుస్తకం చేతిలోకి తీసుకోండి. పదమూడు అంకెలూ గీతలతో అయిదు ముక్కలుగా ఉంటాయి. మొదటి ముక్క 978 లేదా 979. రెండోది భాషనో దేశాన్నో ప్రాంతాన్నో చెబుతుంది. 0, 1 ఇంగ్లిషు లోకానివి, 2 ఫ్రెంచిది, 3 జర్మన్‌ది, 81, 93 భారతదేశానివి. మూడో ముక్క ప్రచురణకర్తది. నాలుగోది ఆ ప్రచురణకర్త వేసిన పుస్తకాల్లో మీ పుస్తకానికి ఇచ్చిన వరుస. చివరి ఒక్క అంకె తనిఖీ కోసం. ఆయన ‘మాది’ అంటున్నది మూడో ముక్కను చూసుకుని. అది నిజంగానే ఆయన పేరు మీద నమోదై ఉంటుంది. రేపు మీరు ఎక్కడ వేసుకున్నా, ఆ నంబరు ఆ మొదటి కూర్పుకే అంటిపెట్టుకుని ఉంటుంది. దాన్ని మీ పేరు మీదికి మార్పించుకునే పద్ధతి లేదు, ఇంకో పుస్తకానికి మళ్లీ వాడుకునే పద్ధతీ లేదు.

ఇక్కడే మీరెవరూ గమనించని సంగతి ఒకటుంది. మీరు కొత్త వ్యాసాలు చేరుస్తున్నారు. పుస్తకంలో విషయం చెప్పుకోదగ్గంతగా మారితే అది కొత్త కూర్పు. కొత్త కూర్పుకు కొత్త నంబరు కావాలి. మీరు పాత సంస్థ దగ్గరే వేయించినా ఆయన ఇంకో నంబరు ఇవ్వాల్సిందే. నాలుగు అచ్చుతప్పులు దిద్ది అదే సంస్థ మళ్లీ ముద్రిస్తే పాత నంబరు సరిపోతుంది. వెల మారినా సరిపోతుంది. పేరు మారినా, ప్రచురణకర్త మారినా, రూపం మారినా, విషయం పెరిగినా సరిపోదు. మీ విషయంలో వీటిలో రెండు ఒకేసారి జరుగుతున్నాయి. అంటే ఆయన ఇవ్వనని బిగుసుకుంటున్న నంబరు, ఆయన ఇచ్చినా మీకు పనికిరాదు. ఇన్నాళ్లూ మీరు నిద్ర పాడుచేసుకున్నది దాని గురించి.

కొత్త ప్రెస్సాయన సలహా మాత్రం వినకండి. ‘ఎవరు చూడొచ్చారు’ అంటే, మనుషులు చూడకపోవచ్చు, దుకాణాల కంప్యూటర్లు చూస్తాయి. పాత నంబరుతో రెండో కూర్పు బయటికొస్తే, ఎక్కడ ఎవరు ఆర్డరు పెట్టినా అది పాత సంస్థకు వెళ్తుంది. వాళ్లు మిగిలిన పాత కాపీ పంపిస్తారు. కొత్త వ్యాసాల కోసం కొన్నవాడికి పాత పుస్తకం చేరుతుంది. ఆపైన, పాత సంస్థాయన నంబరును మీరు ఆయన అనుమతి లేకుండా వాడారన్న ఫిర్యాదు ఆయన చేతికిచ్చినట్టవుతుంది. ఇప్పటిదాకా న్యాయం మీవైపు ఉంది, దాన్ని ఎందుకు పోగొట్టుకోవడం? అన్నట్టు, నంబరు ఎప్పుడూ ప్రచురణకర్తది. ప్రెస్సు అచ్చు వేసి పెడుతుంది, అంతవరకే. కొత్త ప్రెస్సాయన తన దగ్గరున్న వేరే నంబరేదో ఇస్తానన్నా, అది ఎవరి పేరు మీద నమోదైందో ముందు అడగండి.

హక్కుల సంగతికి వస్తాను. రచన మీద కాపీరైట్ రాసినవాడికి రాయడంతోనే వస్తుంది. కాపీరైట్ గురించి దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాలన్నింట్లో, అంటే ప్రపంచంలో చాలా భాగంలో, దానికి రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. రచయిత పోయాక అది వారసులకు వెళ్తుంది. కాబట్టి మీ నాన్నగారి వ్యాసాల మీద హక్కు ఇప్పుడు మీకూ మీ అన్నయ్యకూ ఉండాలి. అది చేజారే దారి ఏదైనా ఉంటే, మీరు సంతకం పెట్టిన ఒప్పందంలోనే ఉండాలి. నంబరులో వెతికితే దొరకదు.

ఆ కాయితం బయటికి తీసి చూడండి. ప్రచురణ హక్కు ‘ప్రత్యేకంగా’ ఆ సంస్థకే ఇస్తున్నట్టు ఉందా? ఉంటే ఎంతకాలం? ఒక్క కూర్పుకా, ముందుముందు వచ్చే కూర్పులన్నింటికా? ఈ-బుక్ మాట ఉందా? రద్దు చేసుకోవాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలి? డబ్బు తీసుకుని వేసిపెట్టే సంస్థల ఒప్పందాలు కొన్నిట్లో హక్కులన్నీ రచయితవేనని స్పష్టంగా ఉంటుంది, కొన్నిట్లో ఉండదు. మీ కాయితంలో ఏదీ లేకపోతే పాత సంస్థాయన మాటకు ఆధారం లేనట్టే. ‘ప్రత్యేక హక్కు’ అని కనిపిస్తే మాత్రం నా సమాధానం చాలదు, లాయరుకు చూపించండి. వారసులు ఇద్దరుండగా ఒక్కరే పెట్టిన సంతకం ఎంతవరకు చెల్లుతుందన్నది కూడా ఆయననే అడగాల్సిన ప్రశ్న.

ఇంకోటి. వ్యాసాలు మీవే గానీ, అట్ట మీద బొమ్మ, పేజీల అమరిక వాళ్లు చేయించినవైతే అవి వాళ్లవి కావచ్చు. వాళ్ల పీడీఎఫ్ తీసుకెళ్లి కొత్త ప్రెస్సులో ఇచ్చేయకండి. మీరు టైపు చేయించిన ఫైలు మీ దగ్గరుంటే దాని నుంచే మళ్లీ పేజీలు కట్టించుకోండి.

ఇక 27, 72 గొడవ. నిజం చెప్పాలంటే మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించింది ఇదే.

చివరి అంకె ఎలా వస్తుందో చూద్దాం. మీ నంబరు బయటపెట్టను, ఉదాహరణకు 978 పక్కన ఒకటి నుంచి తొమ్మిది దాకా వరుసగా రాసుకోండి: 978123456789. ఎడమ నుంచి బేసి స్థానాల్లో ఉన్నవి 9, 8, 2, 4, 6, 8. కూడితే 37. సరి స్థానాల్లో 7, 1, 3, 5, 7, 9. కూడితే 32, దాన్ని మూడుతో గుణిస్తే 96. రెండూ కలిపితే 133. పై పదికి, అంటే 140కి చేరడానికి ఇంకా ఏడు కావాలి. ఆ ఏడే చివరి అంకె. ఇప్పుడు టైపు చేసేవాడు 3, 4లను తారుమారు చేశాడనుకోండి. మొత్తం 135 అవుతుంది, చివర 5 రావాలి, ఏడుంది కాబట్టి తప్పు దొరికిపోతుంది.

కానీ తారుమారైన పక్కపక్క అంకెల మధ్య తేడా సరిగ్గా అయిదు అయితే ఈ పద్ధతి మోసపోతుంది. రెండు, ఏడు చూడండి. 2ను ఒకటితో, 7ను మూడుతో గుణిస్తే 2, 21, మొత్తం 23. తిరగేస్తే 7, 6, మొత్తం 13. తేడా పది. పదిల లెక్కలో పది తేడా వస్తే అసలేమీ రానట్టే, చివరి అంకె మారదు. అందుకే ఆ సైటు రెండింటినీ సరైనవే అంది. అది అబద్ధం చెప్పలేదు, దానికి తెలిసింది అంతే. పాత పది అంకెల పద్ధతిలో లెక్క పదకొండుతో ఉండేది, ఒక్కోసారి చివర ఎక్స్ అక్షరం వచ్చేది కూడా అందుకే. అందులో ఇలాంటి తారుమారు ఏదీ తప్పించుకునేది కాదు. దుకాణాల బార్‌కోడ్‌తో కలపడం కోసం ఆ పట్టును వదులుకున్నారు.

అయితే రెండింట్లో ఏది మీది? తారుమారు నాలుగో ముక్కలో జరిగి ఉంటే, తప్పు నంబరు కూడా అదే సంస్థ వరుసలో పడుతుంది. ఆ లెక్కల పుస్తకం వేసింది ఎవరో ఆ వెబ్‌సైటులోనే చూడండి, మీ పాత సంస్థే అయితే ఆశ్చర్యపోను. లోపలి నంబరు వేరే పుస్తకం చూపిస్తోంది కాబట్టి అట్ట మీదిదే మీదై ఉండాలి. అయినా ఊహ మీద వదిలేయొద్దు. బార్‌కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేసి, గీతల్లో ఉన్న నంబరూ కింద అచ్చయిన నంబరూ ఒకటేనా చూడండి. తర్వాత నంబరు కేటాయించిన కాయితం నకలు ఆ సంస్థ దగ్గర రాతపూర్వకంగా అడగండి. తప్పు వాళ్లది, ఇవ్వక తప్పదు.

మిగిలిన పాత కాపీల్లో లోపలి పేజీ మీద సరైన నంబరుతో చిన్న చీటీ అంటిస్తే చాలు. దుకాణాలు బార్‌కోడ్ చూసి అమ్ముతాయి, వాటికి ఇబ్బంది లేదు. లైబ్రరీలు మాత్రం లోపలి పేజీ చూసి కేటలాగ్‌లో ఎక్కిస్తాయి, పేచీ అక్కడ వస్తుంది. మీ పుస్తకం ఉన్న లైబ్రరీలకు ఒక ఉత్తరం రాయండి. పుస్తకంలో తప్పుగా అచ్చయిన నంబరును ‘చెల్లనిది’గా నమోదు చేసుకునేందుకు వాళ్ల కేటలాగ్ పద్ధతుల్లో విడిగా ఒక గడే ఉంటుంది. ఇది వాళ్లకు కొత్త సమస్య కాదు.

ఈ-బుక్కుకు అచ్చు పుస్తకం నంబరు వేయడం తప్పు. రూపం వేరైతే నంబరు వేరు. చాలా ఈ-బుక్ దుకాణాలు ఐఎస్‌బీఎన్ లేకపోయినా తీసుకుంటాయి, అమెజాన్ అయితే తన సొంత గుర్తు ఏదో తనే వేసుకుంటుంది. కాబట్టి పాత సంస్థను ఆ నంబరు ఈ-బుక్ నుంచి తీసేయమనండి. తర్వాత ఈ-బుక్ ఉంచాలో తీసేయించాలో ఒప్పందం చూసి తేల్చుకోవచ్చు.

ఇప్పుడు రెండో కూర్పు. మీ ముందు దారులు మూడున్నాయి.

పాత సంస్థతోనే కొనసాగవచ్చు. నవ్వకండి, ఇదీ ఒక దారే. నంబరు, నమోదు, దుకాణాల్లో పెట్టించడం వాళ్లే చూసుకుంటారు, మొదటి కూర్పు కొన్నవాళ్లకు వెతుక్కోవడం సులువు. కానీ ప్రచురణకర్తగా లోకానికి మళ్లీ వాళ్లే కనిపిస్తారు, ఆర్డర్లూ వాళ్లకే వెళ్తాయి. రెండంకెలు సరిగ్గా అచ్చు వేయలేని, హక్కులకూ నంబరుకూ తేడా తెలియని (తెలిసీ చెప్పని) వాళ్లతో మళ్లీ పని చేయాలనుంటే, ఈసారి ‘హక్కులన్నీ వారసులవే’ అన్న వాక్యం కాయితం మీద చూసుకుని మరీ సంతకం పెట్టండి.

లేదా మీ పేరు మీద మీరే నంబరు తీసుకోవచ్చు. ప్రతి దేశంలోనో ప్రాంతంలోనో ఐఎస్‌బీఎన్ ఇచ్చే ఏజెన్సీ ఒకటి ఉంటుంది. వీటన్నిటినీ సమన్వయం చేసే అంతర్జాతీయ ఏజెన్సీ లండన్‌లో ఉంది, ఎవరికి దరఖాస్తు చేయాలో దాని వెబ్‌సైటు చెబుతుంది. కొన్నిచోట్ల ఉచితం, కొన్నిచోట్ల రుసుము ఉంటుంది. ప్రచురణ సంస్థ పెట్టనక్కర్లేదు, రచయితలూ వారసులూ సొంతంగా తీసుకుంటూనే ఉంటారు. అప్పుడు ప్రచురణకర్త మీరు. ఎవరు ఎక్కడ వెతికినా మీ పేరే కనిపిస్తుంది, ప్రెస్సు ఎన్నిసార్లు మార్చినా గొడవ లేదు. బదులుగా చాకిరీ మీదవుతుంది. వివరాలు నమోదు చేయడం, ఆర్డర్లకు జవాబివ్వడం, పార్సిళ్లు కట్టడం అన్నీ. ఈ-బుక్, గట్టి అట్ట కూర్పు కూడా ఆలోచనలో ఉంటే ఒకేసారి కొన్ని నంబర్లు అడగండి. మీకొచ్చింది 979తో మొదలైతే కంగారుపడకండి, అదీ ఐఎస్‌బీఎనే. ఒక చిన్న జాగ్రత్త: నంబర్లను ఎక్సెల్‌లో రాసుకుంటే ఆ గడిని ముందే టెక్స్ట్‌గా మార్చండి. లేకపోతే పదమూడు అంకెల్నీ అది కుదించి ఏదో దశాంశంలా చూపిస్తుంది. మీ నంబరుకు ఇప్పటికే పడ్డ పాట్లు చాలు.

మూడో దారి, అసలు నంబరే లేకుండా వేసుకోవడం. బంధువులకూ, నాన్నగారి స్నేహితులకూ పంచడానికే అయితే ఇది చాలు. ఐఎస్‌బీఎన్ లేకపోతే పుస్తకం పుస్తకం కాకుండా పోదు, కాపీరైట్‌కూ లోటు రాదు. కానీ దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో అమ్మకం కష్టం, లైబ్రరీలు తెప్పించుకోవడమూ కష్టం. మొదటి కూర్పు అయిదు వందల కాపీల్లో చాలావరకు చెల్లిందంటే ఇంటి మనుషులకు మించిన పాఠకులు ఉన్నట్టే కదా. నేనైతే రెండో దారి వైపు మొగ్గుతాను. పార్సిళ్లు కట్టే ఓపిక ఉందా లేదా అన్నది మీరే తేల్చుకోవాలి.

మీ అన్నయ్య సంగతి. ఆయన అన్న మాట తప్పు, దాని వెనకున్న బాధ తప్పు కాదు. ‘రాసిచ్చేశావు’ అన్నది నంబరు చూసి భయపడి అన్నది, అది ఒప్పందం చదివితే తీరుతుంది. ‘నన్ను అడగలేదు’ అన్నది ఆయన పైకి అనలేదు గానీ నాకు వినిపించింది. నాన్నగారి రాతల్లో ఆయనకూ వాటా ఉంది, సంతకం మీరొక్కరే పెట్టారు. కాయితాలు పోగేసిన కష్టం మీదే కావచ్చు, ఆ కష్టంలో ఆయన చేయి వేశాడో లేదో మీరు రాయలేదు. ఫోన్‌లో వాదించకుండా ఒప్పందం నకలు ఆయనకు పంపండి, కింద ‘రెండో కూర్పు ఇద్దరి పేర్ల మీద వేద్దామా అన్నయ్యా’ అని ఒక్క ముక్క రాయండి. ఆయన ఒప్పుకుంటే, ప్రచురణకర్తగా ఎవరి పేరు ఉండాలో, వచ్చే డబ్బు ఎలా పంచుకోవాలో ఇద్దరూ సంతకం చేసిన చిన్న కాయితం రాసుకోండి. ఒప్పుకోకపోతే రెండో కూర్పు అచ్చుకివ్వకండి. లాయరు సలహా ఆ ఘట్టంలో ఇంకా అవసరం.

పాత సంస్థకు రాసే ఉత్తరంలో మూడు విషయాలే అడగండి. నంబరు కేటాయింపు కాయితం నకలు, ఈ-బుక్ నుంచి ఆ నంబరు తొలగింపు, మీరు వేరేచోట వేయకూడదనడానికి ఒప్పందంలో ఆధారం ఏ పేరాలో ఉందో ఆ పేరా సంఖ్య. కోపం, నాన్నగారి ప్రస్తావన, ఇప్పటిదాకా పడ్డ ఇబ్బందుల చిట్టా ఏవీ వద్దు. మూడో ప్రశ్నకు జవాబు రాకపోతే, రాలేదన్న సంగతి తేదీతో సహా రాసిపెట్టుకోండి.